సమ్మె వాళ్ళది, లేఆఫ్ మాది: 2023 డెట్రాయిట్ సమ్మెలో నా అనుభవం

2023 సెప్టెంబర్ 14, గురువారం రాత్రి పది గంటలు. ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడి ఉన్నాను. కార్ల ఫ్యాక్టరీ కార్మికుల యూనియన్ యూఏడబ్ల్యూ ప్రెసిడెంట్ షాన్ ఫెయిన్ ఫేస్‌బుక్ లైవ్‌లో ప్లాంట్ల పేర్లు చెప్తున్నాడు. మిస్సోరీలో జీఎం వాళ్ళ వెంట్జ్‌విల్, ఒహాయోలో స్టెలాంటిస్ (క్రైస్లర్ ఇప్పుడు వీళ్ళదే) వాళ్ళ టొలీడో జీప్ ప్లాంట్, మిషిగన్‌లో ఫోర్డ్ వాళ్ళ వేన్ ప్లాంట్, అందులోనూ పెయింట్, ఫైనల్ అసెంబ్లీ మాత్రమే. ఈ మూడు కంపెనీలతో యూనియన్ కాంట్రాక్ట్ గడువు ఆ రాత్రి 11:59కి తీరిపోతుంది, ఈలోపు ఒప్పందం కుదరకపోతే ఈ మూడు చోట్లా సమ్మె. ఆ మూడింట్లో ఒక పేరు వినగానే మిగతా మాటలు నా చెవికి ఎక్కలేదు. కార్ల కంపెనీలకి విడిభాగాలు చేసిచ్చే మా షాపులో తయారయ్యే స్టీల్ బ్రాకెట్లలో దాదాపు సగం వెళ్ళేది ఆ ప్లాంటుకే. ఏ ప్లాంటో, మాది ఏ కంపెనీయో చెప్పను, ఎందుకంటే ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాను.

ఆ సమ్మె గురించి ఇంగ్లీషులో బోలెడు రాశారు గానీ దాదాపు అన్నీ అటు యూనియన్ వైపు నుంచో, ఇటు కంపెనీల వైపు నుంచో. మధ్యలో మాలాంటి సప్లయర్ షాపుల్లో పని చేసేవాళ్ళకి ఏమైందో తెలుగులో ఎవరూ రాసినట్టు కనపడలేదు. మెట్రో డెట్రాయిట్‌లో మనవాళ్ళు ఇంతమంది ఈ కార్ల పరిశ్రమ మీద బతుకుతున్నాం కదా, నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కాస్త పెద్దదే.

నేను చేసేది మెటీరియల్ ప్లానర్ పని. స్టీల్ కాయిల్ ఎప్పుడు తెప్పించాలి, ఏ ప్రెస్ మీద ఏ రోజు ఏ పార్ట్ నొక్కాలి, ట్రక్కు ఎన్నింటికి బయల్దేరాలి, ఇవన్నీ చూసుకోవాలి. వీటన్నిటికీ మూలం పొద్దున్నే కస్టమర్ సిస్టం నుంచి వచ్చే రిలీజ్. ఫలానా రోజు ఫలానా పార్ట్ ఇన్ని కావాలి అని వరుసగా అంకెలుంటాయి. పదకొండేళ్ళుగా రోజూ కాఫీ కన్నా ముందు నేను చూసేది ఆ అంకెలనే. శుక్రవారం పొద్దున చూస్తే ఇంకా పాత అంకెలే ఉన్నాయి. సోమవారం చూస్తే ఆ ప్లాంటు కాలమ్ అంతా సున్నాలు. ఈ వారం సున్నా, వచ్చే వారం సున్నా, ఆ పై వారం కూడా సున్నా. టీవీలో ప్లకార్డులు, ఎర్ర చొక్కాలు, హారన్లు చూపిస్తున్నారు గానీ నాకు మాత్రం సమ్మె అంటే ఇప్పటికీ ఆ సున్నాల వరుసే గుర్తొస్తుంది.

మొదట ఇది ఎందుకు వచ్చిందో నాకు అర్థమైనంత చెప్తాను. ఆ వారాంతం ఒక స్నేహితుడి ఇంట్లో భోజనాలకి కలిశాం, అక్కడ ఇదే గొడవ. మా వాళ్ళలో చాలామంది పెద్ద కంపెనీల్లో ఇంజనీర్లు, లేదా ఐటీ కాంట్రాక్టర్లు. "అన్నా, గంటకి ముప్పై రెండు డాలర్లు తీసుకుంటున్నారు, ఇంకా నలభై శాతం పెంచమంటే ఎలా? వారానికి 32 గంటలే పని చేస్తారట, జీతం మాత్రం 40 గంటలకి ఇవ్వాలట" అన్నాడొకతను. వినడానికి నిజంగానే అలా ఉంటుంది. కానీ ఆ ముప్పై రెండు డాలర్లు పాతవాళ్ళ రేటు. కొత్తగా చేరినవాడికి 18 డాలర్లు, టెంపరరీ వాడికి అంతకన్నా తక్కువ. ఒకే లైన్‌లో పక్కపక్కన నిలబడి ఒకే బోల్టు బిగించే ఇద్దరిలో ఒకడికి ఇంకొకడి జీతంలో దాదాపు సగమే వస్తుంది. పైకి ఎక్కాలంటే ఎనిమిదేళ్ళు. ఈ రెండంచెల పద్ధతి 2007 కాంట్రాక్టులో వచ్చింది. 2009లో జీఎం, క్రైస్లర్ దివాలా తీసినప్పుడు ధరల పెరుగుదలకి తగ్గట్టు జీతం పెంచే కోలా కూడా వదులుకున్నారు. కంపెనీలు బతకాలి కాబట్టి అప్పుడు ఒప్పుకున్నారు. ఆ తర్వాత కంపెనీలు బతికాయి, బాగా లాభాల్లోకి వచ్చాయి, వదులుకున్నవి మాత్రం తిరిగి రాలేదు. ఫెయిన్ నలభై శాతం అడిగింది కూడా ఊరికే కాదు, నాలుగేళ్ళలో సీఈవోల జీతాలు అంత పెరిగాయి కాబట్టి మాకూ అంతే పెంచండి అన్నాడు.

ఇంకో సంగతి, ఫెయిన్‌ని ఎన్నుకున్న తీరు. అంతకుముందు యూనియన్ పెద్దల అవినీతి కేసుల్లో ఇద్దరు మాజీ ప్రెసిడెంట్లు జైలుకి వెళ్ళారు. ఆ తర్వాతే సభ్యులు నేరుగా ఓటు వేసి నాయకుణ్ణి ఎన్నుకునే పద్ధతి వచ్చింది, అలా గెలిచిన మొదటి ప్రెసిడెంట్ ఈయన, 2023 మార్చిలో పదవిలోకి వచ్చాడు. లోపాయికారీగా సర్దుకుని రావడానికి ఆయనకి దారి లేదు, సభ్యులు చూస్తున్నారు.

సమ్మె చేసిన పద్ధతి కూడా కొత్తది. మూడు కంపెనీల్లో కలిపి యూనియన్ సభ్యులు దాదాపు 1,46,000 మంది. మొదటి రోజు బయటికి వచ్చింది 13,000 మంది. దీనికి స్టాండప్ స్ట్రైక్ అని పేరు పెట్టారు, 1936-37లో ఫ్లింట్‌లో 44 రోజులు ఫ్యాక్టరీ లోపలే కూర్చుని చేసిన సిట్‌డౌన్ సమ్మెని గుర్తు చేసేలా. తర్వాత ఏ ప్లాంటు ఆగుతుందో కంపెనీకీ తెలియదు, మాకూ తెలియదు. సమ్మె చేసేవాళ్ళకి వారానికి 500 డాలర్లు ఇచ్చే యూనియన్ నిధిలో 82.5 కోట్ల డాలర్లున్నాయి. అందరూ ఒకేసారి బయటికొస్తే ఆ డబ్బు తొందరగా కరిగిపోతుంది, కొంచెం కొంచెంగా వస్తే నెలల తరబడి నడుస్తుంది. లెక్క వాళ్ళకి బాగానే ఉంది. మాలాంటివాళ్ళకి మాత్రం ప్రతి శుక్రవారం ఫెయిన్ లైవ్‌లోకి రావడం అంటే పరీక్ష ఫలితాల్లాంటి టెన్షన్. షాపులో ప్రెస్సులు ఆపి మరీ అందరూ ఒక ఫోన్ చుట్టూ మూగేవాళ్ళు.

ప్లాంటు ఆగితే సప్లయర్ వెంటనే ఆగిపోడు, అది చాలామందికి తెలియదు. మా స్టీల్ ఎనిమిది వారాల ముందే ఆర్డర్ పెట్టేశాం, మిల్లులో అప్పటికే రోల్ అయిపోయింది, వద్దంటే కుదరదు. ట్రక్కు మీద ట్రక్కు వచ్చి కాయిల్స్ దించి వెళ్తూనే ఉంది. ఒక్కో కాయిల్ కొన్ని టన్నులు, ఎక్కడపడితే అక్కడ పెట్టలేం. ఇంకోవైపు మా పార్ట్స్ పెట్టి పంపే ర్యాకులు కస్టమర్‌వి. మేం నింపి పంపితే వాళ్ళు ఖాళీవి వెనక్కి పంపుతారు. ఆ ప్లాంటు యార్డులో మా ర్యాకులు నిండుగా ఉండిపోయాయి, ఖాళీవి ఒక్కటీ తిరిగి రాలేదు. తయారు చేద్దామన్నా పెట్టడానికి చోటు లేదు. అట్టపెట్టెలు కొని అందులో పోశాం. మూడో వారానికి షిప్పింగ్ దగ్గర నడవడానికి దారి లేకుండా అట్టపెట్టెలు, వెనక గోడ వెంబడి కాయిల్స్. మిల్లు బిల్లులు మాత్రం రోజుల లెక్కన వస్తూనే ఉన్నాయి, మాకు రావలసిన డబ్బు షిప్ అయిన సరుకు మీదే వస్తుంది, షిప్పింగే లేదు. ఓనరు రోజూ బ్యాంకుతో మాట్లాడుతున్నాడని ఆఫీసులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

రెండో శుక్రవారం, సెప్టెంబర్ 22న జీఎం, స్టెలాంటిస్ వాళ్ళ విడిభాగాల గిడ్డంగులు 38, ఇరవై రాష్ట్రాల్లో, సమ్మెలోకి వచ్చాయి. ఫోర్డ్‌తో చర్చలు కాస్త ముందుకి కదిలాయని ఆ వారం ఫోర్డ్‌ని వదిలేశారు. ఈ లోపల సమ్మెలో లేనివాళ్ళకి కూడా పని పోవడం మొదలైంది. వేన్‌లో మొదటి రోజే బాడీ, స్టాంపింగ్ (రేకుని నొక్కి పార్టులు చేసే పని) వైపు 600 మందిని ఫోర్డ్ ఇంటికి పంపింది. తుప్పు పట్టకుండా వేసే ఈ-కోట్ పెయింట్ విభాగంలో ఉంటుంది, అదే సమ్మెలో ఉంది కాబట్టి ముందు పనికి అర్థం లేదన్నారు. కాన్సస్‌లో జీఎం ఫెయిర్‌ఫాక్స్ ప్లాంట్ అయితే వెంట్జ్‌విల్ నుంచి స్టాంపింగులు రాక మొత్తం ఆగిపోయింది, రెండు వేలమంది దాకా ఇంట్లో కూర్చున్నారు.

సెప్టెంబర్ 26 మంగళవారం ప్రెసిడెంట్ బైడెన్ వచ్చాడు. మా ఇంటికి పెద్ద దూరం కాదు, బెల్‌విల్ దగ్గర జీఎం విల్లో రన్ గిడ్డంగి ముందు, సమ్మె చేసేవాళ్ళు గేటు దగ్గర నిలబడే పికెట్ లైన్‌లో బుల్‌హార్న్ పట్టుకుని నిలబడ్డాడు. పదవిలో ఉన్న అమెరికా అధ్యక్షుడు పికెట్ లైన్‌లో నిలబడటం అదే మొదటిసారి. మర్నాడు, 27న, ట్రంప్ వచ్చాడు. ఆయన రిపబ్లికన్ డిబేట్ మానేసి మకూంబ్ కౌంటీలో క్లింటన్ టౌన్‌షిప్‌లో ఒక పార్ట్స్ షాపులో మాట్లాడాడు. అది యూనియన్ లేని షాపు. అంటే మాలాంటిదే. టీవీలో వెనకాల కనిపించే మెషీన్లు చూస్తుంటే మా షాపు చూస్తున్నట్టే ఉంది. నేను ఆశగా విన్నాను, అబద్ధం చెప్పను. మాలాంటి చోటుకి వచ్చాడు కదా, సమ్మె వల్ల సప్లయర్ల కింద పని పోతున్నవాళ్ళ గురించి ఒక మాట అంటాడేమో అని. ఆయన ప్రసంగం ఎక్కువగా ఎలక్ట్రిక్ కార్ల మీదే, అవి వస్తే మీ ఉద్యోగాలన్నీ పోతాయని. బైడెన్ మీకు రావలసింది మీరు అడగండి అని యూనియన్ వాళ్ళతో అన్నాడు, అది నాకు నచ్చింది కూడా. కానీ ఇద్దరి మాటల్లోనూ మేం లేం. రెండు రోజుల్లో ఇద్దరు పెద్ద మనుషులు మా ఊళ్ళ మీదుగా వెళ్ళారు, ఆ వారమే మా రెండో షిఫ్ట్ తీసేశారు.

నా వంతు అక్టోబర్ 2, సోమవారం వచ్చింది. మధ్యాహ్నం కెఫెటీరియాలో మీటింగ్. హెచ్‌ఆర్ ఆవిడ చేతిలో కవర్ల కట్ట చూడగానే అర్థమైంది. "ఇది తాత్కాలికం, ప్లాంటు తెరవగానే పిలుస్తాం" అంది. ఆవిడ గొంతు కూడా బాగా లేదు. ఇన్సూరెన్స్ ఉంచారు గానీ మా వాటా ప్రీమియం మేమే చెక్కు రాసి కట్టాలి. కవర్లో ఒక ఉత్తరం, నిరుద్యోగ భృతికి అప్లై చేసుకోవడానికి కంపెనీ వివరాలున్న కాగితం. అంతే.

ఇక్కడ ఒక మాట. నాకు అప్పటికి గ్రీన్ కార్డ్ వచ్చి రెండేళ్ళయింది. హెచ్1బీ మీద ఉండి ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి లేదా సర్దుకోవాలి. మా స్నేహితుల్లో కాంట్రాక్టర్లుగా ఉన్న ఇద్దరి ప్రాజెక్టులు అదే నెలలో ఆపేశారు, వాళ్ళ ఇళ్ళల్లో నిద్రల్లేవు. వాళ్ళ పేర్లు ఏ వార్తలోనూ రావు, ఏ నష్టాల లెక్కలోనూ ఉండవు.

ఆ రాత్రే క్లెయిమ్ వేయడానికి కూర్చున్నాను. పని ఆగిన వారంలోనే వెయ్యాలి, ఆలస్యం చేస్తే ఆ వారం పోతుంది. ఆన్‌లైన్‌లో అకౌంట్, లైసెన్స్, సోషల్ సెక్యూరిటీ నంబర్, గ్రీన్ కార్డ్ నంబర్, పద్దెనిమిది నెలల ఉద్యోగ చరిత్ర. ఇవన్నీ అయ్యాక పని ఎందుకు ఆగిందో ఎంచుకోమంది. పని లేక లేఆఫ్, రాజీనామా, తొలగింపు, ఇంకా కార్మిక వివాదం. నా చెయ్యి అక్కడ ఆగిపోయింది. నా పని పోయింది సమ్మె వల్లే కదా. అది నొక్కితే సమ్మె చేసేవాళ్ళలో కలిపేస్తారు, వాళ్ళకి మిషిగన్‌లో భృతి రాదు. నొక్కకపోతే అబద్ధం చెప్పినట్టా? రేపు మోసం కేసు పెడితే? మా ఆవిడ పక్కన కూర్చుని "ఏదో ఒకటి నొక్కండి, పన్నెండవుతోంది" అంటోంది. నేను మాత్రం అర్ధరాత్రి చట్టం చదువుతూ కూర్చున్నాను.

చదివాక తెలిసింది ఇది. సమ్మె జరిగేది నువ్వు పని చేసే చోట అయితే, లేదా అదే యజమానికి చెందిన, దానితో ముడిపడి నడిచే ఇంకో చోట అయితే భృతి కష్టం. సమ్మె వేరే కంపెనీలో జరిగి, దానివల్ల నీ కంపెనీకి ఆర్డర్లు లేక నిన్ను పంపేస్తే, అది మామూలు లేఆఫే. కాబట్టి మాకు పని లేక లేఆఫ్ అన్నదే నిజమైన జవాబు. వివరం రాయమన్నచోట కస్టమర్ ప్లాంటులో సమ్మె, మా షాపులో వివాదం ఏమీ లేదని రెండు లైన్లు రాశాను. అలా రాయడం మంచిదైంది. మా షాపులో ఇద్దరు తెలియక కార్మిక వివాదం నొక్కి, మళ్ళీ ప్రశ్నలు, మళ్ళీ కాగితాలు, డబ్బులు వచ్చేసరికి సమ్మె కూడా అయిపోయింది.

తర్వాత వచ్చిన ఉత్తరంలో నా భృతి వారానికి 362 డాలర్లు. అప్పట్లో మిషిగన్‌లో గరిష్ఠం అదే. ఎక్కువ సంపాదించిన మూడు నెలల జీతంలో 4.1 శాతం, మీద ఆధారపడినవాళ్ళు ఉంటే మనిషికి ఆరు డాలర్లు, కానీ మొత్తం కలిపి 362 దాటదు. మూడు నెలల్లో తొమ్మిది వేల డాలర్లు సంపాదించిన ఎవరైనా ఆ గీత దగ్గరే ఆగిపోతారు, పిల్లలు ఇద్దరున్నా నలుగురున్నా ఒకటే. 2002 నుంచి 2023 దాకా ఆ అంకె అలాగే ఉంది. ఇరవై ఏళ్ళలో ఇంటి ధరలు, పాల ధర, ఇన్సూరెన్స్ ఎక్కడికి పోయాయో అందరికీ తెలుసు. పైగా ఇది ఫెడరల్ పన్ను కట్టాల్సిన ఆదాయం. పది శాతం ముందే పట్టుకోమని టిక్ పెట్టాను, వచ్చే ఏప్రిల్‌లో ఇబ్బంది పడకుండా. రెండు వారాలకోసారి లాగిన్ అయి సర్టిఫై చెయ్యాలి, ఈ వారం ఎక్కడైనా పని చేశావా, పనికి సిద్ధంగా ఉన్నావా అని. మళ్ళీ పిలుస్తారని కంపెనీ రాసి ఇస్తే ఆ కాలానికి వేరే ఉద్యోగం వెతకాలన్న షరతు సడలిస్తారు. మా హెచ్‌ఆర్ ఆ కాగితం పంపడం మర్చిపోయింది, నేను రెండుసార్లు ఫోన్ చేసి పంపించుకున్నాను. ఇలాంటి పరిస్థితి వచ్చినవాళ్ళు మొదటి రోజే అది అడగండి.

మా షాపులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయన భార్య వేన్‌లో ఫైనల్ అసెంబ్లీలో పని చేస్తుంది, మొదటి రోజు నుంచి సమ్మెలో ఉంది. అంటే ఒకే ఇంట్లో ఒకరు సమ్మె చేస్తున్నారు, ఇంకొకరు ఆ సమ్మె వల్లే లేఆఫ్. ఆవిడకి యూనియన్ నుంచి వారానికి 500, ఈయనకి రాష్ట్రం నుంచి 362. ఆవిడ వెనక యూనియన్ ఉంది, ఓటు ఉంది, ఏమవుతుందో చెప్పే మనుషులున్నారు. ఈయనకి ఒక వెబ్‌సైట్ పాస్‌వర్డ్ ఉంది. ఆయన ఒక్కసారి కూడా భార్యని తప్పు పట్టడం నేను వినలేదు.

అక్టోబర్ రెండో వారంలో ఆయనతో కలిసి వేన్ వెళ్ళాను. మిషిగన్ ఎవెన్యూ మీద గేటు దగ్గర పాత ప్యాలెట్ చెక్కలు డ్రమ్ములో వేసి మంట పెట్టుకుని ఓ పదిహేనుమంది నిలబడి ఉన్నారు. రెండు డజన్ల డోనట్లు, కాఫీ తీసుకెళ్ళాం. పోయే ట్రక్కులన్నీ హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. పాతికేళ్ళ అమ్మాయి ఒకామె, టెంపరరీ, మూడేళ్ళుగా టెంపరరీనే అంది. చేతులకి గ్లోవ్స్ వేళ్ళ దగ్గర కత్తిరించుకుని ఫోన్‌లో కూతురితో వీడియో కాల్ మాట్లాడుతోంది. నేను ఎవరినని అడిగింది. సప్లయర్ షాపులో పని చేస్తాను, లేఆఫ్ అయ్యాను అని చెప్పాను. ఒక్క క్షణం ఏమీ అనలేదు. తర్వాత "ఐ యామ్ సారీ" అని, ఆ డ్రమ్ము దగ్గర తను నిలబడిన చోటు నాకు ఇచ్చి పక్కకి జరిగింది. బాగా చలిగా ఉంది ఆ రోజు. నాకు అక్కడిదాకా లోపల ఎక్కడో కొంచెం కోపం ఉండేది, మీ జీతం కోసం మా జీతం పోయిందని. ఆ తర్వాత ఆ కోపం ఆమె మీద పెట్టుకోలేకపోయాను. మూడేళ్ళు టెంపరరీగా ఉంచింది ఆమె కాదు కదా.

అక్టోబర్ 11 బుధవారం సాయంత్రం పెద్ద దెబ్బ పడింది. శుక్రవారం దాకా ఆగుతారనుకున్నాం, కానీ ముందు మాట ఏమీ లేకుండా లూయివిల్‌లో ఫోర్డ్ కెంటకీ ట్రక్ ప్లాంట్ ఆపేశారు, 8,700 మంది. ఫోర్డ్‌కి ఎక్కువ డబ్బు తెచ్చే పెద్ద ట్రక్కులు అక్కడే తయారవుతాయి. 23న స్టెలాంటిస్ స్టెర్లింగ్ హైట్స్, 24న టెక్సస్‌లో జీఎం ఆర్లింగ్టన్. మూడు కంపెనీలకీ లాభాలు ఎక్కడ ఉన్నాయో అక్కడే నొక్కారు. 25 రాత్రి ఫోర్డ్‌తో ఒప్పందం, 28న స్టెలాంటిస్‌తో, 30న జీఎంతో. ఆర్నెల్లు నడుస్తుందేమో అని నేను ఖర్చుల లెక్క వేసుకున్నాను, ఆరున్నర వారాల్లో అయిపోయింది.

2028 ఏప్రిల్ దాకా కాంట్రాక్టు, మొత్తం 25 శాతం జీతం పెంపు, అందులో 11 శాతం వెంటనే. కోలా తిరిగొచ్చింది. టాప్ రేటుకి ఎనిమిదేళ్ళు కాదు, మూడేళ్ళు చాలు. కాంట్రాక్టు చివరికి టాప్ రేటు కోలాతో కలిపి గంటకి 42 డాలర్లు. ఇల్లినాయిలో మూతపడిన బెల్విడీర్ ప్లాంట్ మళ్ళీ తెరుస్తామని స్టెలాంటిస్ ఒప్పుకుంది, ప్లాంట్లు మూసేస్తే సమ్మె చేసే హక్కు కూడా వచ్చింది. 2007 తర్వాత చేరినవాళ్ళకి కావాలని అడిగిన పెన్షన్ రాలేదు, జీఎంలో ఓటింగ్ 55 శాతంతో గట్టెక్కింది, మూడూ కలిపి చూస్తే 64 శాతం ఒప్పుకున్నారు.

నన్ను నవంబర్ మొదటి వారంలో పిలిచారు. రిలీజ్ తెరిచి చూస్తే సున్నాల స్థానంలో మామూలు కన్నా పెద్ద అంకెలు. అందరికీ ఒకేసారి అన్నీ కావాలి. వారాల తరబడి అట్టపెట్టెల్లో ఉన్న బ్రాకెట్లు తీసి చూస్తే వాటి మీద గోధుమరంగు వేలిముద్రలు. నూనె సరిగ్గా లేని స్టీల్‌ని ఉత్త చేత్తో పట్టుకుంటే చెమట ఉప్పుకి అక్కడే తుప్పు పడుతుంది. బొటనవేలి గీతలతో సహా అచ్చు పడినట్టు ఉంది. లేఆఫ్ ముందు చివరి వారం ఎవరు వాటిని సర్దారో వాళ్ళ చేతులే అవి. పది రోజులు ఓవర్‌టైమ్‌లో ఒక్కో పార్ట్ తీసి చూసి, బాగున్నవి కడిగి పంపాం, పోయినవి తుక్కు కింద వేశాం. ఆ ఖర్చు మాకు ఎవరూ ఇవ్వలేదు.

డబ్బు లెక్కలు తర్వాత బయటికొచ్చాయి. సమ్మె వల్ల 110 కోట్ల డాలర్లు పోయాయని జీఎం, 170 కోట్లు పోయాయని ఫోర్డ్ చెప్పాయి. కొత్త కాంట్రాక్టు వల్ల 2028 నాటికి ఒక్కో బండి మీద 900 డాలర్ల ఖర్చు పెరుగుతుందని ఫోర్డ్ అంది. ఇవి చదివి నిజమే, పాపం అనుకునేలోపే నవంబర్ 29న జీఎం వెయ్యి కోట్ల డాలర్లతో తన షేర్లు తానే తిరిగి కొంటానని, డివిడెండ్ 33 శాతం పెంచుతానని ప్రకటించింది. సమ్మె ఆర్థిక ప్రభావం గురించి ఎవరైనా మాట్లాడితే నేను ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడమంటాను. సమ్మె నష్టం 110 కోట్లు, షేర్ల కోసం వెయ్యి కోట్లు. డబ్బు లేక కాదు గొడవ.

ఇంకో ప్రభావం యూనియన్ లేని చోట్ల కనిపించింది. ఒప్పందాలు కుదిరిన కొద్ది రోజులకే టొయోటా జీతాలు పెంచింది, హోండా 11 శాతం పెంచింది, హ్యుందాయ్ 2028 నాటికి 25 శాతం అంది. అక్కడివాళ్ళెవరూ ఒక్క రోజు కూడా సమ్మె చెయ్యలేదు. 2024 ఏప్రిల్‌లో టెన్నెసీలో ఫోక్స్‌వాగన్ కార్మికులు యూనియన్‌కి ఓటేశారు, మేలో అలబామాలో మెర్సిడెస్ దగ్గర ఓడిపోయారు.

రాజకీయాలు మాత్రం అనుకున్నట్టు నడవలేదు. యూఏడబ్ల్యూ 2024 జనవరిలో బైడెన్‌కీ, తర్వాత కమలా హారిస్‌కీ మద్దతిచ్చింది. నవంబర్‌లో మిషిగన్ ట్రంప్ గెలిచాడు. పికెట్ లైన్‌లో నిలబడిన అధ్యక్షుడి పార్టీ ఆ ప్లాంట్లున్న రాష్ట్రంలోనే ఓడిపోయింది. చాలామందికి ఇది వింతగా అనిపించింది, నాకు అనిపించలేదు. యూనియన్ సభ్యుడొక్కడికి జీతం పెరిగితే వాడి చుట్టూ నాలాంటివాళ్ళు ఎంతోమంది పెరగని జీతంతో, పెరిగిన ధరలతో ఓటుకి వెళ్తారు. 2025 మార్చిలో ట్రంప్ దిగుమతి కార్ల మీద టారిఫ్ వేస్తే, ఆయన్ని అంత తిట్టిన ఫెయిన్ దాన్ని సమర్థించాడు. ఎవరు ఎటున్నారో ఒక్క గీత గీసి చెప్పలేం.

మాకు సూటిగా ఒరిగింది ఒకటుంది, అది సమ్మె వల్ల వచ్చిందని అనను. 2024 డిసెంబర్‌లో మిషిగన్ గవర్నర్ విట్మర్ సంతకం చేసిన చట్టంతో ఆ 362 డాలర్ల గీత జరిగింది. 2025లో 446, తర్వాత 530, 2027లో 614 అవుతుంది, 20 వారాలకి బదులు 26 వారాలు ఇస్తారు. ఇరవై ఏళ్ళు ఆలస్యమైనా మంచి పని.

మా షాపులో గంట జీతం ఒక డాలర్ పెంచారు, మనుషులు వెళ్ళిపోతున్నారని. అయినా వెళ్ళారు. ఫోర్క్‌లిఫ్ట్ పెద్దాయన కూడా అసెంబ్లీ ప్లాంటుకి అప్లై చేసి మార్చిలో వెళ్ళిపోయాడు. ఆయనకి యాభై నాలుగేళ్ళు, మూడేళ్ళలో టాప్ రేటు వస్తుంది, మా దగ్గర ఇరవై ఏళ్ళు చేసినా రానిది. వెళ్ళే రోజు నా టేబుల్ దగ్గరికొచ్చి "2028 ఏప్రిల్ 30" అన్నాడు. అది కాంట్రాక్టు గడువు తీరే తేదీ. ఈసారి తనూ బయట ఉంటాడు, భార్య పక్కన. "ముందే స్టీల్ తక్కువ ఆర్డర్ పెట్టు" అని చెప్పి చెయ్యి కలిపి వెళ్ళాడు. 2028 ప్లానింగ్ షీట్‌లో మార్చి నుంచి కాయిల్ ఆర్డర్లు తగ్గించాలని ఆ రోజే రాసి పెట్టుకున్నాను. ఇంట్లో కూడా ఆరు వారాల ఖర్చు విడిగా ఒక అకౌంట్లో ఉంచుతున్నాం, దానికి మా ఆవిడ పెట్టిన పేరు సమ్మె అకౌంట్.